సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కి ప్రింట్ఎఫ్ పెడితే తప్పు మాయమవుతోంది, జీడీబీ నేర్చుకోవాలా?

తమ్ముడూ, నాకు అర్థమైనంతలో నీ ప్రశ్న ఇదీ. సీ భాషలో లింక్డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ అడ్రసు పట్టుకుని ఉండే వరస) రాశావు, నోడ్ తీసేసేటప్పుడు ఒక్కోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీ ముట్టుకుంటే వచ్చే తప్పు) అని పడిపోతోంది, ఎక్కడో చూద్దామని ప్రింట్ఎఫ్‌లు పెడితే తప్పు రావట్లేదు, అవి తీసేస్తే మళ్ళీ వస్తోంది. మీ సీనియర్ జీడీబీ (ప్రోగ్రామ్‌ని ఆపి లోపల విలువలు చూపించే డీబగ్గర్) వాడమన్నాడు, తెరిస్తే బ్రాకెట్లో దాని పేరు, పక్కన కర్సరు తప్ప ఇంకేం కనపడలేదు. అసలిది నేర్చుకుని తీరాలా, నేర్చుకుంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి అని అడిగావు.

నేర్చుకో. నెలలేం పట్టదు, ఒక సాయంత్రం కుదురుగా కూర్చుంటే నీ తప్పు నువ్వే పట్టుకునేంత వచ్చేస్తుంది. రన్, బీటీ, ఫ్రేమ్, ఇన్ఫో లోకల్స్, వాచ్, ముందు ఈ ఐదు చాలు. పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకో, బీటీ అంటే బ్యాక్‌ట్రేస్. కానీ కమాండ్ల కన్నా ముందు ఒక మాట బుర్రలో పెట్టుకో: ప్రోగ్రామ్ పడిపోయిన లైను వేరు, డేటా పాడైన లైను వేరు. పడిపోయిన లైను జీడీబీ వెంటనే చూపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయి, ఆ లైనుకి ముందు ఒక నల్ చెక్ (మెమరీ అడ్రసు పట్టుకునే పాయింటర్ ఖాళీయా అని చూడటం) తగిలించి తప్పు పోయిందనుకుంటారు. పోదు, ఇంకో చోట లేస్తుంది, ఈసారి పడిపోకుండా తప్పుడు లెక్క చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. పాడైన లైను దాకా వెనక్కి నడవటమే డీబగ్గింగ్, జీడీబీ ఆ నడకకి పనికొచ్చే సామాను.

నేనుండేది గుంటూరు, 17 ఏళ్ళుగా సీ, సీ ప్లస్ ప్లస్‌తోనే పని, ఎక్కువగా కాటా మిషన్ల నుంచి బరువు చదివి బిల్లు కొట్టే ప్రోగ్రాములు, కొట్ల బిల్లింగులు. కింద చెప్పేదంతా ఆ పనిలో ఎదురైందే.

ముందు నీ ప్రింట్ఎఫ్ సంగతి చూద్దాం, ఎందుకంటే నీకు దొరికిన గట్టి ఆధారం అదే. ప్రింట్ఎఫ్‌తో రాసింది వెంటనే స్క్రీన్ మీదకి రాదు, బఫర్ అనే తాత్కాలిక జాగాలో ఉంటుంది. టెర్మినల్ అయితే బ్యాక్‌స్లాష్ ఎన్ (కొత్త లైను గుర్తు) వచ్చినప్పుడు బయటికొస్తుంది, అదే ఫైల్లోకి మళ్ళించావనుకో, బఫర్ నిండేదాకా రాదు. ఈలోపు ప్రోగ్రామ్ పడిపోతే లోపల మిగిలిందంతా పోయినట్టే. కాబట్టి నీకు కనపడిన ఆఖరి ప్రింట్ నిజంగా నడిచిన ఆఖరి ప్రింట్ అని నమ్మకు. ఎప్పుడన్నా ప్రింట్లే పెట్టాల్సి వస్తే స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపు, దానికి బఫర్ ఉండదు.

ఇక ప్రింట్ పెడితే తప్పు మాయమవటం. ప్రింట్ఎఫ్ కూడా ఒక ఫంక్షనే కదా, అది నడిచినప్పుడు స్టాక్‌లో (ఫంక్షన్లు తమ విలువలు పెట్టుకునే మెమరీలో) తన విలువలు రాసుకుని వెళ్ళిపోతుంది, మొదటిసారి నడిచినప్పుడు బఫర్ కోసం హీప్‌లో (అడిగినప్పుడు ఇచ్చే మెమరీలో) జాగా కూడా తీసుకుంటుంది. అంటే నీ ప్రోగ్రామ్ కింద పరిచున్న పాత చెత్త మారిపోతుంది. నీ పాయింటర్ ఒకటి ఏ విలువా ఇవ్వకుండా వదిలేసిందైతే, ఆ చెత్తలో ఏముంటే అదే దాని విలువ. ప్రింట్ ఉన్నప్పుడు అక్కడ సున్నా పడిందేమో, లేనప్పుడు పాత అడ్రసేదో పడిందేమో. అందుకే ప్రింట్ పెడితే పోయే తప్పు అంటే నా మొదటి అనుమానం ఎప్పుడూ విలువ ఇవ్వని పాయింటర్ మీదే. దీని దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తా.

ఇప్పుడు జీడీబీ. జీసీసీ కంపైలరుకి మైనస్ జీ ఇచ్చి, మైనస్ ఓ0 (ఆప్టిమైజేషన్ వద్దని) పెట్టి కంపైల్ చెయ్యి. మైనస్ జీ లేకపోతే లైను నంబర్లు, లోకల్ వేరియబుల్ పేర్లు ఉండవు. మైనస్ ఓ2 ఉంటే వేరియబుల్ ప్రింట్ చెయ్యమంటే ఆప్టిమైజ్డ్ అవుట్ అంటుంది, నెక్స్ట్ (తర్వాతి లైను నడిపే కమాండ్) కొడితే లైన్లు ముందుకీ వెనక్కీ గెంతుతాయి, కొత్తలో అది చూసి జీడీబీ పాడైందనుకుంటారు. పాడవలేదు, కంపైలరు నీ కోడ్‌ని కలిపి కుదించేసింది, అంతే.

రన్ కొట్టు. పడిపోగానే బయటికి రావద్దు, ప్రోగ్రామ్ పడిన చోటే పడినట్టు ఆగి ఉంటుంది, లోపల ప్రతి విలువా అలాగే ఉంటుంది. బీటీ కొడితే ఎవరు ఎవర్ని పిలిచారో వరస వస్తుంది, ఒక్కో పిలుపూ ఒక ఫ్రేమ్, పైన 0వ ఫ్రేమ్, అడుగున మెయిన్. పైన స్ట్రింగ్ పొడవు కొలిచేదో, ఫ్రీ చేసేదో లైబ్రరీ ఫంక్షన్ కనపడితే లైబ్రరీ మీద అనుమానపడకు, కిందకి దిగుతూ నువ్వు రాసిన మొదటి ఫంక్షన్ ఎక్కడుందో చూసి ఫ్రేమ్ 2 అనో ఫ్రేమ్ 3 అనో ఆ నంబరుకి వెళ్ళు. అక్కడ ఇన్ఫో లోకల్స్ కొడితే ఆ ఫంక్షన్లో ఉన్న విలువలన్నీ వరసగా పరుస్తుంది. అక్కడ ఆగి ఒక్కో విలువ దగ్గరా ఇది నేననుకున్నదేనా అని చూసుకో. తొందరపడి నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతే గంట పోతుంది, ఏమీ దొరకదు. నా దగ్గర పనికి చేరిన పిల్లలకి నేను పెట్టే నియమం ఒకటే, కమాండ్ కొట్టే ముందు జవాబు ఏం వస్తుందనుకుంటున్నావో నోటితో చెప్పు. చెప్పింది రాకపోతే అక్కడే ఉంది విషయం.

ఇది పనిలో ఎలా నడుస్తుందో ఒకటి పూర్తిగా చెప్తా. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు, వాళ్ళ ప్రోగ్రామ్ అంతకు ముందెవరో రాసింది, బాగుచెయ్యమని మా చేతికొచ్చింది. పొద్దున్నుంచీ లాట్లు ఎక్కిస్తారు, రైతు ఎవరు, రకమేంటి, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, బరువెంత. సాయంత్రం మొత్తం లెక్క తియ్యమంటే కొన్ని రోజులు చక్కగా వచ్చేది, కొన్ని రోజులు మధ్యలో పడిపోయేది. సరుకు ఎక్కువొచ్చిన రోజే పడిపోతోందండీ అన్నారు వాళ్ళు. ఆ మాట పట్టుకుని మెమరీ చాలట్లేదేమో అని ఒక రోజంతా ఆ దారిలోనే తిరిగా, ఏమీ లేదు. మర్నాడు పడిపోయిన రోజు ఎంట్రీలన్నీ ఒక ఫైల్లోకి తీసుకుని, జీడీబీలో రన్ పక్కన బాణం గుర్తు పెట్టి ఆ ఫైలుని ఇన్‌పుట్‌గా ఇచ్చా. తప్పుని ఎప్పుడు కావాలంటే అప్పుడు రప్పించగలిగితే సగం పనైపోయినట్టే, ఈ ఫైలు తయారు చేసుకోవటానికి ఎంత టైమైనా పెట్టొచ్చు.

బీటీలో టిక్కీలు కూడే లూప్ వచ్చింది. ఆ లైన్లో తప్పేం లేదు, లాట్ నుంచి లాట్‌కి వెళ్తూ కూడుతోంది. లాట్ పాయింటర్ ప్రింట్ చేస్తే 0ఎక్స్ (హెక్సాడెసిమల్ అంకెలకి గుర్తు) తర్వాత ఇలా ఉంది: బీ0 ఈ0 86 బీ1 ఈ0 9ఎఫ్ బీ0 ఈ0. 64 బిట్ లినక్స్‌లో జీడీబీ లోపల హీప్ అడ్రసులు మామూలుగా 5555తో మొదలవుతాయి, స్టాక్‌వి 7ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌తో. ఇది రెండూ కాదు. ఇలాంటి తేడా అడ్రసు కనపడితే దాన్ని అడ్రసుగా చూడటం మానేసి బైట్లుగా చదవాలి. ఇంటెల్ మిషన్లలో చిన్న బైటు ముందుంటుంది కాబట్టి వెనక నుంచి చదివా: ఈ0 బీ0 9ఎఫ్, ఈ0 బీ1 86, ఈ0 బీ0. చూడగానే అర్థమైంది. యూటీఎఫ్ 8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తైనా ఒక్కోటి 3 బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. ఈ0 బీ0 9ఎఫ్ అంటే ట. ఈ0 బీ1 86 అంటే ఎత్వం. పాయింటర్ ఉండాల్సిన చోట టె కూర్చునుంది, దాని వెనక ఇంకో అక్షరం మూడింట రెండొంతులు.

మిర్చి రకాల్లో టె ఎక్కడుంది? సూపర్ టెన్. స్ట్రక్చర్ (ఒక లాట్ వివరాలన్నీ మెమరీలో పెట్టే అచ్చు) తీసి చూస్తే రకం పేరుకి 16 బైట్లు, దాని వెంటనే నెక్స్ట్ పాయింటర్, ఆ తర్వాత టిక్కీల సంఖ్య. ఇప్పుడు లెక్క వేసుకో. తేజ అంటే త, ఏత్వం, జ, మొత్తం 9 బైట్లు, సుఖంగా పడుతుంది. బాడిగ 15, చివర సున్నా బైటుతో కలిపి సరిగ్గా 16, అంచుదాకా వచ్చి ఆగింది. సూపర్ టెన్ అంటే పొల్లులతో సహా 9 గుర్తులు, 27, మధ్యలో ఖాళీకి 1, చివర సున్నాకి 1, మొత్తం 29. పదమూడు బైట్లు పక్కింట్లోకి పోయాయి. అందులో మొదటి 8 నెక్స్ట్ పాయింటర్ మీద పడ్డాయి. టిక్కీల మీద కూడా పడ్డాయి గానీ ఆ సంఖ్య పేరు తర్వాత నింపుతారు కాబట్టి సరిగ్గానే కనపడేది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మరి సరుకు ఎక్కువొచ్చిన రోజే ఎందుకు? రోజూ కూర్చునే ఆపరేటరు రకం పేర్లు ఇంగ్లీషులో కొడతాడు, అక్షరానికి ఒక్క బైటే. రద్దీ రోజుల్లో సాయానికి ఇంకో కుర్రాడు వచ్చేవాడు, ఆ అబ్బాయి తెలుగులో కొట్టేవాడు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళకి కనపడింది వాళ్ళు చెప్పారు, కారణం మాత్రం వేరే చోట ఉంది.

అయినా ఇదంతా అప్పటికి నా ఊహే. ఊహతో కోడ్ మార్చకూడదు, రుజువు కావాలి. ఫైల్లో మొదటి సూపర్ టెన్ 41వ ఎంట్రీ. లాట్ చేర్చే ఫంక్షన్ మీద బ్రేక్ (అక్కడికి రాగానే ఆగమని గుర్తు) పెట్టా, ఇగ్నోర్ 1 40 అన్నా, అంటే మొదటి బ్రేక్‌పాయింట్ దగ్గర 40 సార్లు ఆగకుండా పోనీ అని. 41వ సారి ఆగాక లాట్‌ని లిస్టులో కలిపే దాకా నెక్స్ట్ కొట్టి, వాచ్ మైనస్ ఎల్ ఇచ్చి దాని నెక్స్ట్ పాయింటర్‌కి కాపలా పెట్టి కంటిన్యూ అన్నా. వెంటనే ఆగింది. పాత విలువ, కొత్త విలువ రెండూ చూపిస్తుంది, చూస్తే అడ్రసంతా అలాగే ఉంది, చివరి రెండంకెలు మాత్రం ఈ0 అయ్యాయి. ట మొదటి బైటు పడ్డ క్షణం అది. బీటీ కొడితే పేరు కాపీ చేసే లూప్, పొడవు చూసుకోకుండా సున్నా వచ్చేదాకా రాసుకుంటూ పోతోంది. అదీ పాడైన లైను. పడిపోయిన లైనుకీ దీనికీ మధ్య కొన్ని గంటల దూరం, రెండు వేరే ఫైళ్ళు.

సరిచేసేటప్పుడు కూడా జాగ్రత్త, 15 బైట్ల దగ్గర కోసేస్తే చాలదు, అక్షరం మధ్యలో తెగితే బిల్లు మీద డబ్బాలు పడతాయి. జాగా పెంచాం, కొయ్యాల్సొస్తే అక్షరం అంచు చూసి కోసేట్టు పెట్టాం.

వాచ్ గురించి రెండు విషయాలు. మైనస్ ఎల్ మర్చిపోకు. అది లేకుండా పెడితే నువ్వు రాసిన వేరియబుల్ పేరుతో ముడిపడుతుంది, ఆ ఫంక్షన్ అయిపోగానే వాచ్ కూడా తీసేస్తుంది, నువ్వేమో కాపలా ఉందనుకుంటావు. మైనస్ ఎల్ ఇస్తే ఆ అడ్రసుకే కాపలా. రెండోది, ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఈ పనికి హార్డ్‌వేర్ రిజిస్టర్లు 4 ఉంటాయి, ఒక్కోటి 8 బైట్ల దాకా చూస్తుంది. వాటిల్లో పట్టేంత వరకు ప్రోగ్రామ్ పూర్తి వేగంతో నడుస్తుంది. పెద్ద అర్రే మొత్తానికి వాచ్ పెట్టావంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి చూసుకుంటూ పోతుంది, టీ తాగొచ్చినా అక్కడే ఉంటుంది.

మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ ఉండగా ఇదంతా ఎందుకని ఎవరన్నా అడుగుతారు, నువ్వూ విని ఉంటావు. అది బంగారం లాంటి సాధనం, కంపైల్ చేసేటప్పుడు ముందు అది పెట్టి చూడమనే నేనూ చెప్తా, వాల్‌గ్రిండ్ కూడా అంతే. కానీ పై తప్పుని రెండూ పట్టుకోలేవు. హీప్‌లో జాగా అడిగే మాలాక్ ఇచ్చిన ముక్క దాటి రాస్తే అవి అరుస్తాయి. ఇక్కడ రాసింది అదే ముక్క లోపల, ఒక ఫీల్డు దాటి పక్క ఫీల్డులోకి. వాటి లెక్కలో అది మన ఇల్లే. అందుకే చేత్తో వెతకటం రావాలి.

పడిపోకుండా బిగుసుకుపోయే ప్రోగ్రాములకీ జీడీబీ పనికొస్తుంది, ఇది కాలేజీలో ఎవరూ చెప్పరు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్టు, దసరా రద్దీలో బిల్లింగ్ బిగుసుకుపోయింది, తెర మీద బిల్లు అలాగే ఉంది, మీట నొక్కినా కదలదు. ఆపి మళ్ళీ మొదలెడితే నడుస్తుంది, కానీ కారణం పోతుంది. జీడీబీకి మైనస్ పీ ఇచ్చి ప్రాసెస్ నంబరు ఇస్తే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి తగులుకుంటుంది. ఉబుంటులో మామూలు యూజర్‌గా చేస్తే కుదరదంటుంది, కెర్నెల్లో పెట్టిన కట్టడి అది, సూడోతో (అడ్మిన్ హక్కులతో) చెయ్యాలి. లోపలికెళ్ళాక థ్రెడ్ అప్లై ఆల్ బీటీ. ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల్లో ఒకటి) ప్రింటర్ లాక్ పట్టుకుని సరుకు నిల్వ లాక్ కోసం చూస్తోంది, ఇంకోటి సరుకు నిల్వ లాక్ పట్టుకుని ప్రింటర్ లాక్ కోసం చూస్తోంది. రెండు బీటీలు పక్కపక్కన పెడితే ఇక చెప్పేదేముంది. ఒక హెచ్చరిక మాత్రం: తగులుకున్నంత సేపూ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. నడుస్తున్న కౌంటర్ మీద నిదానంగా పరిశోధన పెట్టకు, జీకోర్‌తో మెమరీ బొమ్మ తీసుకుని బయటికొచ్చి, దాన్ని ఇంటికి తెచ్చుకుని చూసుకో.

కోర్ ఫైలు కూడా అలాంటి బొమ్మే, ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు కెర్నెల్ తీసేది. షెల్‌లో యూలిమిట్ మైనస్ సీ అన్‌లిమిటెడ్ అని పెట్టాలి, లేకపోతే చాలా చోట్ల రాదు. కోర్ డంప్డ్ అని వచ్చినా ఫోల్డర్లో ఫైలు కనపడకపోతే కంగారుపడకు, ఉబుంటులో అది అపోర్ట్ అనే ప్రోగ్రామ్‌కి వెళ్ళిపోతుంది. కోర్ చదవాలంటే ఆ రోజు నడిచిన బైనరీ అదే ఉండాలి, మళ్ళీ కంపైల్ చేసింది పనికిరాదు. అందుకని ఎవరికైనా ప్రోగ్రామ్ ఇచ్చినప్పుడల్లా మైనస్ జీతో కట్టిన బైనరీ ఒక కాపీ తేదీ వేసి నీ దగ్గర దాచుకో. ఇప్పటిదాకా నాకు ఎక్కువ రాత్రులు మిగిల్చిన అలవాటు ఇది.

ఇక నీ లింక్డ్ లిస్ట్. ముందు మైనస్ వాల్ (హెచ్చరికలు చూపమని) ఇచ్చి, ఒకసారి మైనస్ ఓ2తో కూడా కంపైల్ చేసి చూడు, విలువ ఇవ్వని వేరియబుల్ హెచ్చరికలు కొన్ని ఆప్టిమైజేషన్ ఉంటేనే వస్తాయి. వాల్‌గ్రిండ్ కింద నడుపు, విలువ ఇవ్వని దాని మీద నిర్ణయం తీసుకుంటే అది చెప్తుంది, అడ్రస్ శానిటైజర్ ఈ రకం చెప్పదు. నేనైతే రెండు చోట్లు చూస్తా. నోడ్ తీసేసే ఫంక్షన్లో ప్రీవియస్ పాయింటర్‌కి మొదట్లోనే నల్ ఇచ్చావా, మొదటి నోడే తీసేయాల్సి వస్తే లూప్ ఒక్కసారీ తిరగదు, అప్పుడు ప్రీవియస్‌లో ఏముంది? కొత్త నోడ్‌కి మాలాక్ చేశాక నెక్స్ట్‌కి నల్ పెట్టావా, మాలాక్ సున్నాలు నింపి ఇవ్వదు, ఇంతకు ముందు ఫ్రీ చేసిన ముక్కనే తిరిగి ఇచ్చిందంటే పాత విలువలు అందులోనే ఉంటాయి. ఒక్కోసారే పడిపోతోంది అన్నావు కాబట్టి ఈ రెండిట్లో ఒకటి అయ్యుంటుందని నా నమ్మకం.

జీడీబీలో నడిపితే తప్పు అసలు రాకపోయే అవకాశం కూడా ఉంది. జీడీబీ అడ్రసులు మార్చే పద్ధతిని ఆపేసి నడుపుతుంది, ప్రతిసారీ అవే అడ్రసులు రావాలని. అలా జరిగితే సెట్ డిజేబుల్ రాండమైజేషన్ ఆఫ్ అని (డిజేబుల్‌కీ రాండమైజేషన్‌కీ మధ్య మైనస్ గుర్తుతో) కొట్టి, నాలుగైదు సార్లు రన్ చెయ్యి, వస్తుంది. వచ్చాక బీటీ, నీ ఫంక్షన్ ఫ్రేమ్, ఇన్ఫో లోకల్స్, మూడూ కాపీ చేసి, నోడ్ తీసేసే ఫంక్షన్ కోడ్‌తో సహా ఇక్కడే కింద పెట్టు. ప్రీవియస్ విలువ ఎంతుందో మర్చిపోకుండా చూపించు, దాన్ని బట్టి పై రెండిట్లో ఏదో తేలిపోతుంది.